రెండో ఆన్‌లైన్ క్లాసు

మాస్టర్స్ మొదటి మూడు సెమిస్టర్లలో నేను క్లాసులో నోరు తెరిచింది నాలుగుసార్లు. డైరీలో రాసుకున్నాను కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. నాలుగోసారి కూడా ప్రొఫెసర్ పేరు పెట్టి పిలిస్తేనే మాట్లాడాను.

అందుకే నాకు ఆన్‌లైన్ క్లాసులంటే ఇష్టం. పాఠాన్ని ఆపి ఆపి వినవచ్చు. చర్చ అంటే వారానికోసారి ఏదో ఒకటి రాసి పెట్టడమే. తోటివాళ్లు నాలుగు వాక్యాలతో సరిపెట్టేచోట నేను రెండు పేజీలు రాసేదాన్ని. రాయడానికి నాకెప్పుడూ బెరుకు లేదు.

మా యూనివర్సిటీ అమెరికాలో ఫీనిక్స్ దగ్గర. ఆఖరి సెమిస్టర్‌కి మూడు కోర్సులు, అంటే తొమ్మిది క్రెడిట్లు మిగిలాయి. రెండు ఆన్‌లైన్‌లో, ఒకటి క్యాంపస్‌లో తీసుకున్నాను. రిజిస్ట్రేషన్ పేజీలో మూడు ఆకుపచ్చ టిక్కులు పడ్డాయి. టైమ్‌టేబుల్ ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించాను.

క్లాసులు మొదలైన సోమవారం పొద్దున మా రూమ్మేట్ పాలు తీయడానికి వెళ్లి ఫ్రిజ్ ముందే నిలబడిపోయింది. వరంగల్ అమ్మాయి, నాకన్నా ఒక సెమిస్టర్ జూనియర్.

"అక్కా, ఇదేంది? వారంల ఒక్కరోజే పోతవా కాలేజ్‌కి?"

"ఒక్కరోజే. మిగతా రెండూ ఆన్‌లైన్."

"రెండా? మనకి ఒక్కటే కౌంట్ అయితది కదక్కా! ఓరియెంటేషన్‌ల చెప్పిండ్రు గదా."

"రిజిస్ట్రేషన్ తీసుకుందిగా. ఎర్రర్ ఏమీ రాలేదే."

"దానికి నీ వీసా సంగతి ఏం తెల్సు? నువ్వడిగినవ్, అది ఇచ్చింది. ఇన్ని బుక్స్ చదువుతవ్, రూల్స్ ఒక్కటి చదవకపోతివి."

ఆమె చెప్పింది నిజమే. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్‌కి పూర్తి లోడ్ తీసుకోవాలి. మా దగ్గర అది తొమ్మిది క్రెడిట్లు. అందులో ఆన్‌లైన్‌వి ఎన్ని తీసుకున్నా ఒక్క కోర్సే లెక్కలోకి వస్తుంది. డిగ్రీ లెక్కలో నావి తొమ్మిది, వీసా లెక్కలో ఆరు. ఆరుతో సెమిస్టర్ నడిపితే ఇక్కడ విద్యార్థిగా ఉండే స్టేటస్ పోతుంది. స్టేటస్ పోతే చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ రాదు. నాది స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ వైపు డిగ్రీ కాబట్టి అన్నీ సవ్యంగా ఉంటే ఏడాది ఓపీటీని మూడేళ్ల దాకా పొడిగిస్తారు. ఆ మూడేళ్లలో ఏదో ఒక కంపెనీ మన పేరు హెచ్-వన్‌బీ అనే ఉద్యోగ వీసా లాటరీలో వేయాలి. ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఆ లాటరీలో మరో అవకాశం కూడా ఉంటుంది. ఇదంతా నాకు బాగా తెలుసు. తెలిసీ, మాట్లాడనక్కర్లేని క్లాసులు వెతుక్కుంటూ మధ్యలో ఉన్న ఈ ఒక్క రూల్ చూడకుండా దాటేశాను.

ఇంటర్నేషనల్ ఆఫీసులో అడ్వైజర్ కసురుకోలేదు. శుక్రవారం ఐదింటితో కోర్సులు మార్చుకునే గడువు అయిపోతుందని, ఈలోగా ఒక ఆన్‌లైన్ కోర్సు తీసేసి గదిలో జరిగే కోర్సు చేర్చమని చెప్పింది. నా డిగ్రీకి పనికొచ్చే వాటిలో అలాంటిది ఒక్కటే కనిపించింది. సాంకేతిక విషయాలను మామూలు మనుషులకు అర్థమయ్యేలా వివరించే కోర్సు. సగం మార్కులు మాట్లాడటానికే. ఎండాకాలం సెలవుల్లోనే దాని సిలబస్ తెరిచి, ఆ మాట కనిపించగానే మూసేశాను. ఇప్పుడు చూస్తే ముప్పై సీట్లూ నిండిపోయాయి.

ఇక్కడి మన తెలుగు విద్యార్థుల్లో సీటు ఆపే అలవాటు ఒకటుంది. రిజిస్ట్రేషన్ తెరవగానే సీనియర్లు ఒక కోర్సు ఎక్కువ తీసుకుని, తర్వాత కావలసినవాళ్లకు వదులుతారు. ఇద్దరూ ఫోన్‌లో ఉండి, ఒకరు డ్రాప్ చేయగానే ఇంకొకరు యాడ్ చేస్తారు. రూమ్మేట్ వాట్సాప్ గ్రూపులో అడిగి, ఆ కోర్సులో సీటు ఆపిన గుంటూరు అబ్బాయిని పట్టుకుంది. ముక్కూమొహం తెలియని మనిషితో మాట్లాడటానికి నేను జంకితే ఫోన్ స్పీకర్‌లో పెట్టి నా ముందుకు తోసింది.

బుధవారం మధ్యాహ్నం మూడు.

"చెల్లెమ్మా, రెడీనా? త్రీ అనగానే నేను డ్రాప్ చేస్తా, నువ్వు కొట్టెయ్. ఆలోచించమాక."

"సరే అన్నయ్యా."

"వన్, టూ, త్రీ. తీసేశా. కొట్టు, కొట్టు!"

కొట్టాను. కోర్సు నిండిపోయిందని వచ్చింది. మళ్లీ కొట్టినా అదే.

"ఏమైంది? పడిందా?"

"లేదన్నయ్యా. ఇంకా ముప్పైకి ముప్పై అనే చూపిస్తోంది."

కాసేపు అటునుంచి కీబోర్డు చప్పుడు వినిపించింది. "అయ్యో. వెయిట్‌లిస్ట్ పెట్టారమ్మా ఈసారి. పోయినేడు లేదు. సీటు లైన్‌లో ముందున్నోడికి పోయింది. సారీ చెల్లెమ్మా, చూసుకోవాల్సింది."

"థూ, మనం ఆపిన సీటు ఎవరికో పోయింది," అంది రూమ్మేట్.

నాకు మాత్రం అలా అనిపించలేదు. ఆ ఎవరో మొదటి నుంచీ లైన్‌లో నిలబడ్డారు. ఆ సాయంత్రం డైరీలో అదొక్కటే రాశాను.

ఇక మిగిలింది ఆ కోర్సు చెప్పే ప్రొఫెసర్‌ని అడగడం. అదనపు సీటు ఇవ్వాలంటే ఆమె సంతకం కావాలి. గురువారం ఏం చెప్పాలో నోట్‌బుక్‌లో ఇంగ్లీషులో ఒక పేజీ రాసుకుని, బస్సులో వల్లెవేసుకుంటూ వెళ్లాను. అరవై దాటిన అమెరికన్ ఆమె. గది తలుపు తీసే ఉంది.

"మొన్నటి నుంచి సీటు కోసం వచ్చినవాళ్లలో నువ్వు ఐదోదానివి. నా సిలబస్ చదివావా?" అంది.

నేను రాసుకున్న పేజీలో ఈ ప్రశ్న లేదు.

"చదివాను. అందుకే ముందు తీసుకోలేదు," అనేశాను.

ఆమె కళ్లజోడు తీసి నావైపు చూసింది. "మరి ఇప్పుడు?"

"మాట్లాడటం భయం అని రెండు ఆన్‌లైన్ కోర్సులు తీసుకున్నాను. నా వీసాకి ఒక్కటే లెక్క. మీ కోర్సు దొరక్కపోతే ఈ సెమిస్టర్ నేను ఇక్కడ ఉండలేను."

నోట్‌బుక్ చేతిలోనే ఉంది, తెరవలేదు. ఆమె డ్రాయర్‌లోంచి ఫారం తీసింది.

"సంతకం పెడతాను. కానీ మంగళవారం మొదట మాట్లాడేది నువ్వే. ఐదు నిమిషాలు, కాగితం లేకుండా. ఎవరికీ తెలియని ఒక రూల్ వివరించాలి."

శుక్రవారం రెండు గంటలకు అడ్వైజర్ తన స్క్రీన్ నావైపు తిప్పింది. ఆన్‌లైన్ ఒకటి, క్యాంపస్‌లో రెండు, తొమ్మిది క్రెడిట్లు. రూమ్మేట్ బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఏమన్నరక్కా?"

"తొమ్మిది."

"హమ్మయ్య! ఇంటికి పోయి ఆ ఫ్రిజ్ మీద కాగితం ముందు చింపెయ్."

మంగళవారం నేను వివరించిన రూల్ ఏదో చెప్పనక్కర్లేదు. రెండుచోట్ల ఆగిపోయాను. ఐదు నిమిషాలు అనుకున్నది మూడున్నరకే అయిపోయింది. వెనక వరుసలో ఒక అమెరికన్ కుర్రాడు చెయ్యెత్తి, "అంటే, ఇంట్లో కూర్చుని చదివి ఏ గ్రేడ్ తెచ్చుకున్నా లెక్క కాదా?" అని అడిగాడు.

"డిగ్రీకి లెక్కే. నేను ఇక్కడ చదువుతున్నాను అనడానికి మాత్రం రెండోది లెక్క కాదు."

"అది వింతగా ఉందే."

"నాకూ అలాగే అనిపించింది, మొన్న శుక్రవారం గడువు అయ్యేదాకా," అన్నాను. కొందరు నవ్వారు. నవ్వించాలని అన్న మాట కాదది.

ఆ కోర్సులో నాకు బీ వచ్చింది. నా మొత్తం చదువులో అదే తక్కువ గ్రేడు. డిసెంబర్‌లో డిగ్రీ అయింది, జనవరి ఆఖర్లో ఓపీటీ కార్డు పోస్టులో వచ్చింది. ఫీనిక్స్ పక్కనే చాండ్లర్‌లో ఉద్యోగం. ఈ ఏడాది లాటరీలో నా పేరు రాలేదు. స్టెమ్ పొడిగింపు వస్తే ఇంకో రెండుసార్లు వేయవచ్చు.

ఆఫీసులో రోజూ పొద్దున పదిహేను నిమిషాల మీటింగ్ ఉంటుంది. నా వంతుకి చెప్పాల్సింది ఇప్పటికీ ముందు రాసుకుంటాను. సగంమంది ఇళ్ల నుంచే స్క్రీన్ మీద కలుస్తారు. నేను మాత్రం ఆఫీసుకి వెళ్లి, ఆ గదిలో కూర్చునే మాట్లాడతాను.