ఎవరి చిటికెడు?

"పాపకి మళ్ళీ కడుపులో మెలిపెడుతోందట. నేనిచ్చిన నీళ్ళ వల్లే ఏమైనా అయిందేమో పెద్దమ్మా!"

బట్టలు కుట్టే ఆ కార్ఖానాలో రంగుల పరీక్ష చూసే అమ్మాయి, నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని కత్తిరింపు బల్ల దగ్గరికి పరుగున వచ్చింది. ఆ బల్ల కత్తెరమ్మది. ముప్పై ఏళ్ళుగా అక్కడే గుడ్డ కత్తిరిస్తూ, కడుపు పట్టుకుని వచ్చినవాళ్ళకల్లా కిటికీ గట్టు మీది కెటిల్‌తో శొంఠినీళ్ళు కాచి ఇస్తోంది. మేనేజర్లు ఐదుగురు మారారు, కెటిల్ మాత్రం కదల్లేదు.

"డాక్టరేమన్నాడు?"

"అజీర్ణమే, భయం లేదు, గోరువెచ్చగా ఏదైనా పట్టమన్నారు. మీరు చెప్పినట్టే కలిపాను. ఉమ్మేసింది."

"శొంఠిపొడి ఎంతేశావ్?"

"చిటికెడే. అంటే... ల్యాబులో పదిమంది చేత తలో చిటికెడు తీయించి, తూచి, సగటు కట్టాను."

కత్తెరమ్మ కత్తెర కింద పెట్టి మరీ నవ్వింది. "ఆ పదిమందిలో మూటలు మోసే మామ ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఆయన చిటికెడంటే నా గుప్పెడు! నోరు మండదూ మరి?"

కెటిల్ పెట్టిందో లేదో కొత్త మేనేజరు వచ్చాడు. "ఇక్కడ కెటిల్ వద్దని నిన్ననే నోటీసు అంటించాం కదమ్మా. ప్లగ్గు తీసేయండి."

కత్తెరమ్మ ప్లగ్గుకి అడ్డంగా నిలబడింది.

"తీయను."

"రేపట్నుంచి పనిలోకి రావద్దంటే?"

"రేపటి సంగతి రేపు. పిల్ల తాగేదాకా దీని మీద ఎవరి చెయ్యీ పడదు. కాళ్ళు నొప్పెడితే చెప్పండి సార్, కుర్చీ వేయిస్తా."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. నలభై తలలు ఇటు తిరిగాయి. మేనేజరు వాచీ చూసుకుంటూ అక్కడే నిలబడ్డాడు.

"రామ్మా బుజ్జీ, నీ వేళ్ళిలా ఇయ్యి."

పాప రెండు వేళ్ళూ డబ్బాలో పెట్టి తీసింది. చీమ మోసేంత పొడి. దాన్ని గ్లాసులోని వేడినీళ్ళలో వేసి, పంచదార కలిపి, గోరువెచ్చగా చల్లార్చి అందించింది కత్తెరమ్మ. పాప ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. ఇంకో గుక్క తాగింది. ఆఖరికి గ్లాసు బోర్లించి నాకింది.

అప్పుడు కత్తెరమ్మే ప్లగ్గు పీకి మేనేజరు చేతిలో పెట్టింది. "ఇదిగో. రేపు మళ్ళీ పెడతాను."

తర్వాత తల్లి వైపు తిరిగింది. "తూచకు తల్లీ. చిటికెడు ఎప్పుడూ తాగేవాళ్ళ వేళ్ళతోనే తీయాలి."

ఇప్పుడు పాప వాళ్ళింట్లో శొంఠిడబ్బా పై అరలోనే ఉంటుంది. దించాక మాత్రం అందులోకి ముందు వెళ్ళేది పాప వేళ్ళే.