పొట్టి పింజ, పొడుగు పింజ, నేను

ఆ రోజుల్లో, అంటే చేతిలో సెల్‌ఫోన్ ఉన్నా అది మిస్డ్ కాల్ ఇచ్చుకోవడానికే పనికొచ్చిన రోజుల్లో, కొత్తగా ఏది నేర్చుకున్నా ఊరందరికీ చెప్పేయాలని నాకు మహా తాపత్రయంగా ఉండేది. డిగ్రీ అయ్యాక అనకాపల్లి మెయిన్ రోడ్డులో ఒక బట్టల కొట్లో చేరాను. నెల రోజులు పని చూసి అప్పుడు ఉంచుకుంటానన్నారు షావుకారు గారు. ఉంచుకోకపోతే ఇంట్లో కూర్చోవలసిందేనని అమ్మ ముందే తేల్చేసింది ("ఆడపిల్ల కొట్లో నిలబడ్డమేటే, సోద్యం కాకపోతే!"). అందుకే ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం.

ఇంతలో ఒక మిల్లువాళ్లు విశాఖపట్నంలో మాలాంటి కొట్లవాళ్లకి ఒక్కపూట క్లాసు పెట్టి పత్తి పింజ (దూదిలోని సన్నటి పోగు) సంగతి చెప్పారు. పింజ పొడుగైతే దారంలో కొసలు తక్కువ, గుడ్డ నున్నగా, గట్టిగా ఉంటుంది. పొట్టిదైతే కొసలన్నీ పొడుచుకొచ్చి నాలుగు ఉతుకులకే నూగు లేచి ఉండలు కడుతుంది. ఇక మర్నాటి నుంచి నేను మనిషిని కాను. ఎవరొచ్చినా గుడ్డ తాను కొసన ఒక దారం లాగడం, పురి విప్పడం, పింజల్ని నా నల్ల చున్నీ మీద పరిచి "చూశారా, ఎంత పొట్టిగా ఉన్నాయో!" అనడం. సరదాగా షర్టు గుడ్డ కోసం వచ్చినవాళ్లు ఏదో రోగం బయటపడ్డట్టు మొహం పెట్టుకుని వెళ్లిపోయేవారు.

"అమ్మా, బట్టలమ్ముతన్నావా, పోస్టుమార్టం సేత్తన్నావా?" అన్నారు షావుకారు గారు. "శనివారం దాకా సూత్తాను. ఇలాగే అయితే మరి రానక్కర్లేదు."

శనివారం పొద్దున్నే గళ్ల లుంగీతో, భుజాన సంచితో ఒక ముసలాయన వచ్చి మందపాటి గరుకు గుడ్డ చూపించమన్నాడు. ఎంత భయపడి వచ్చినా నా చెయ్యి ఊరుకోలేదు. దారం లాగాను, విప్పాను, పరిచాను. "ఇది పొట్టి పింజ తాతా, వద్దు. ఈ మెత్తనిది తీసుకో" అని పాఠమంతా అప్పజెప్పాను. ఆయన ఒక్క మాటా అడ్డు చెప్పలేదు (అలాంటి శ్రోత నాకు మళ్లీ దొరకలేదు). అంతా అయ్యాక సంచిలోంచి చిటికెడు దూది తీసి, రెండు బొటనవేళ్ల మధ్య లాగి, చేర్చి, మళ్లీ లాగి, దువ్వినట్టు తిన్నగా చేసి నా చున్నీ మీద పెట్టాడు.

"ఇదేటి పింజ, సెప్పమ్మా?"

"పొట్టిదే" అన్నాను, గొంతు కాస్త తగ్గించి.

"నలభయ్యేళ్లుగా దూది ఏకి పరుపులు కుడతన్నాను. పొడుగు పింజ పరుపులో ఎడితే ముద్దయిపోతాది. పొట్టిదే పొంగుతాది. దారానికి అది, పరుపుకి ఇది. గుడ్డా అంతేనమ్మా. పరుపు మీదకి మందంగా ఉంటే సాలు. ముందు దేనికని అడగాల గదా?"

నిజమే. ఇన్నాళ్లలో ఒక్కరినీ "దేనికండీ?" అని అడిగిన పాపాన పోలేదు. వెనకాల షావుకారు గారు నవ్వాపుకోలేక దగ్గుతున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను, ఏడుపు కూడా వచ్చింది. దాన్ని మింగి, "ఇంట్లో ఎవరికైనా ఇంకేమైనా కావాలా తాతా?" అని అడిగాను. ఆయన మొహం వికసించింది. "మా మనవరాలికి పాప పుట్టింది. జుబ్బాలు కుట్టించాల." ఈసారి దారం జోలికి పోకుండా, కొట్లోకెల్లా నున్నని పొడుగు పింజ గుడ్డ తీసి చేతిలో పెట్టాను. చెంపకి ఆనించుకుని చూసి, మందపాటి గుడ్డ తాను మొత్తంతో పాటు అదీ కట్టించుకున్నాడు. ఆయన వెళ్లాక షావుకారు గారు "సోమవారం తొందరగా వచ్చీ" అని మాత్రం అన్నారు. ఇంటికి ఎలా చేరానో నాకే తెలియదు.

తర్వాత నా పెళ్లికి పరుపు ఆ తాతే కుట్టాడు. ఇన్నేళ్లకీ ఎండలో వేసి నాలుగు దెబ్బలు కొడితే మళ్లీ పొంగుతుంది. మొన్న అలా కొడుతుంటే అంచున ఒక దారం వేలాడుతూ కనిపించింది. చెయ్యి దానంతటదే వెళ్లి, కొస పట్టుకుని పురి విప్పబోయింది. "దేనికే?" అని నన్ను నేనే అడిగి, నవ్వుకుని, సూది తెచ్చి దాన్ని లోపలికి కుట్టేశాను.