విలన్ గారి వలయం

తొంభైల మొదట్లో ఫిల్మ్‌నగర్‌లో ఒక డాక్టరమ్మ నడిపే చిన్న రక్తపరీక్షల ల్యాబులో నేను టెక్నీషియన్‌ని. రక్తంలో కొవ్వును మోసుకుతిరిగే ఒక ప్రొటీన్ ఎవరిలో ఎంతుందో కొలిచేవాళ్లం. అందుకు కావలసిన యాంటీబాడీలు మేకల నుంచి వచ్చేవి. మనిషి ప్రొటీన్‌ను మేకకు సూదితో ఎక్కిస్తే, మేక ఒళ్లు అది పరాయిదని కనిపెట్టి, దాన్ని పట్టుకోవడానికి యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఆ మేక రక్తం గడ్డకట్టాక పైకి తేలే పసుపుపచ్చటి నీటిని, అంటే సీరాన్ని, సీసాల్లో పోసి, ఐసుపెట్టెలో బొంబాయి నుంచి పంపేవారు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం పెట్టె అందిన గంటకే ట్రాన్స్‌ఫార్మర్ కాలి కరెంటు పోయింది. ఆ వీధిలో జనరేటర్ ఉన్నది విలన్ వేషాలు వేసే ఒక నటుడి ఇంట్లోనే. డాక్టరమ్మ సీసాలు నా చేతిలో పెట్టి, "పరిగెత్తు" అంది.

తలుపు తీసిన వంటాయన బోరబండ మనిషి. నా సీసాలకు చోటివ్వడానికి ఫ్రిజ్‌లో మసాలా పట్టించిన మటన్ గిన్నెను పక్కకు జరిపి, "గివేందమ్మా?" అన్నాడు.

నేను చెప్పేలోపే లుంగీలో నటుడు వచ్చి, సీసా మీది ఇంగ్లీషు అక్షరాలను తన సినిమా గొంతుతో చదివాడు. "గోట్... యాంటీ... హ్యూమన్! అంటే మనుషుల మీద పగబట్టిన మేకా?"

"కాదు సార్. మన రక్తంలో కొవ్వు సంగతి పట్టిచ్చే మేక యాంటీబాడీ."

వంటాయనకు నవ్వాగలేదు. "ఇన్నేండ్లు మీరు మేకను తింటిరి, గిప్పుడు మేక మిమ్మల్ని పట్టుకుంటది సార్."

తెర మీద అంతమందిని నరికిన మనిషి ముఖం పాలిపోయింది. మర్నాడు పొద్దున్నే ల్యాబుకొచ్చాడు. వంటాయన భుజం గట్టిగా పట్టుకుని, నేను సూది గుచ్చకముందే "అయిపోయిందా?" అని మూడుసార్లు అడిగాడు.

యాంటీబాడీలు కలిపిన జెల్లీ పలకలో చిన్న చిన్న గుంటలు చేసి, ఒక్కో గుంటలో ఒక్కొక్కరి సీరం చుక్క వేస్తాం. రెండురోజులకు దాని చుట్టూ తెల్లటి వలయం ఏర్పడుతుంది. ప్రొటీన్ ఎంత ఎక్కువైతే వలయం అంత పెద్దది.

రెండురోజులయ్యాక ఆయన వచ్చి పలకను వెలుతురులోకి ఎత్తి చూశాడు. "నాదేదమ్మా?"

చూపించాను.

"అన్నిటికంటే పెద్దదే!" మీసం దువ్వాడు. "వీటిలో హీరోలవి ఉన్నాయా?"

"ఎవరివో చెప్పకూడదు సార్."

"చెప్పొద్దులే. అందరికన్నా నాదే పెద్దదని ఒక కాగితం మీద రాసివ్వు, చాలు."

లోపలి నుంచి డాక్టరమ్మ వచ్చింది. "ఏవండీ, అది మెడల్ కాదు. అంత పెద్దదైతే గుండెకు ప్రమాదం. మటన్ మానండి, రోజూ నడవండి."

ఆయన కుర్చీలో కూలబడి, చిన్నపిల్లాడిలా, "వారానికొకసారి?" అన్నాడు.

"నెలకొకసారి."

నిజంగానే విన్నాడు. మందులు వేసుకుంటూ, రోజూ పొద్దున షేక్‌పేట దాకా నడిచేవాడు. ఎదురొచ్చిన పాలవాళ్లు ఆయన్ని చూసి సైకిళ్లు దిగి పక్కకు తప్పుకునేవారు. ఆయనేమో ఆయాసం తీర్చుకోవడానికి వాళ్లనే ఆపి యోగక్షేమాలు అడిగేవాడు.

ఆరునెలలకు మళ్లీ పరీక్ష చేస్తే వలయం బాగా తగ్గింది. నేను సంబరంగా చూపిస్తే, ఆయన ముఖం వేలాడేశాడు. "మరీ ఇంత చిన్నదా? కెమెరాకు కూడా ఆనదు."

డాక్టరమ్మ మెచ్చుకున్నాక గానీ మామూలు మనిషి కాలేదు. అప్పుడు బయట బెంచీల మీద కూర్చున్న పేషెంట్లందరికీ టీ తెప్పించాడు, చక్కెర లేకుండా.