దస్తగిరి కూర్చోని సీటు

మన వంటోళ్ల గ్రూపులో ఉన్న అందరికీ ఆలూరు మద్దిలేటి నమస్కారం.

నాకు ఫోన్‌లో అక్షరాలు కొట్టడం రాదు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పెడుతున్నాను. నా చేతిరాత బాగుండదు. చదువు ఊరిబడితోనే ఆగిపోయింది కాబట్టి తప్పులు కూడా ఉంటాయి. మన్నించండి.

నిన్న పొద్దున టీ అంగడి దగ్గర ఉన్నాను. కోసిగి నుంచి దస్తగిరి భార్య ఈరమ్మ ఫోన్ చేసింది.

"మద్దిలేటన్నా, మీ దస్తగిరి పోయినాడన్నా."

మొన్ననే కదా ఇద్దరం బెంగళూరులో ఒకే ఫ్లైట్ దిగింది!

నాకు ఏడుపు రాలేదు. తిట్టు వచ్చింది. పెద్ద తిట్టే. అంగట్లో అందరూ తిరిగి చూశారు. నేను గొంతు పెంచడం వాళ్లెప్పుడూ వినలేదు.

ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

గ్రూపులో కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. దస్తగిరి మా వంటమేస్త్రి. విదేశాల్లో మనవాళ్ల పెళ్లిళ్లకు సంగటి, నాటుకోడి పులుసు వండటానికి కాంట్రాక్టరు మమ్మల్ని ఫ్లైట్‌లో తీసుకుపోతాడు. ఏళ్ల తరబడి పొయ్యి ముందు నిలబడి దస్తగిరి కాళ్ల నరాలు ఉబ్బిపోయాయి. దూర ప్రయాణాల్లో కాళ్లు వేలాడేసి కూర్చోవద్దు, చాపుకోవాలి అని డాక్టరు గట్టిగా చెప్పాడు.

చాపుకునే దారి ఉండింది.

నా కోపమంతా అదే.

ఫ్లైట్ ఎక్కిన ప్రతిసారీ దూరాన్ని బట్టి మన పేరు మీద మైళ్లు జమ అవుతాయి. మేం ఎక్కే ఫ్లైట్ల మైళ్లను రెండు కంపెనీల్లో ఏదో ఒకదాంట్లోనే వేసుకోవాలి. కర్నూలు టికెట్ ఆఫీసులో ఒక అమ్మాయి ఓపికగా వివరించింది. మొదటి దాంట్లో వేసుకుంటే కాళ్లు చాపుకొని పడుకునే సీటు తొందరగా దొరుకుతుంది. రెండో దాంట్లో ఆ సీటు దొరకడం కష్టం, కానీ మనం పేరిచ్చిన వాళ్లకు టికెట్లు తీసి ఇవ్వొచ్చు.

"రెండోదాంట్లో ఏయమ్మా" అన్నాడు దస్తగిరి. ఆలోచన కూడా చేయలేదు.

"నీ కాళ్లు చూసుకోప్పా" అన్నాను.

"మేస్త్రి యాడన్నా ముందు తింటాడా మద్దిలేటీ? పంక్తులన్నీ లేసినాంక కదా మన ఇస్తరి!"

"ఇది పెండ్లి కాదప్పా. ఇవి నీ కాళ్లు."

"ఈపొద్దు శానా మాట్లాడ్తాండావే! ఏమ్మా, ఈయప్ప నోరు తెరిస్తే గూడా మైళ్లు ఏస్తారా?"

ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. నా మైళ్లు ఈయనకు రాయమని అడిగాను. అట్లా కుదరదంది.

అప్పటి నుంచి ఆ టికెట్ల కోసం పంక్తులు మొదలయ్యాయి.

ఒకరి బామ్మర్దికి గోవా హనీమూన్. ఒకరి అత్తకు కాశీయాత్ర. ఇంకొకరు ఊరికే, ఢిల్లీ చూడాలని.

ఒక పంక్తి లేవకముందే ఇంకో పంక్తి కూర్చుంది. మేస్త్రి వడ్డిస్తూనే ఉన్నాడు. గోవా ఫొటోలు ఈ గ్రూపులోనే పెట్టారు కదా. "మేస్త్రీ, నీ కాళ్లు ఎట్లుండాయి?" అని కింద ఒక్కరైనా రాశారా?

మొన్న ఆస్ట్రేలియా పెళ్లి నుంచి వచ్చేటప్పుడు మా ఇద్దరికీ చిట్టచివరి వరసలో సీట్లు. ముందు సీటు మోకాళ్లకు తగులుతోంది. కూర్చుంటే కాలు పీకుతోందని దస్తగిరి లేచి పోయి బాత్రూం దగ్గర నిలబడ్డాడు. ఎయిర్ హోస్టెస్ వచ్చి కూర్చోమని చేతితో సైగ చేసింది.

"ఏమ్మా, వడ్డించేదానికి మనిషి కావాల్నా?" అన్నాడు తెలుగులోనే.

ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా నవ్వి కాఫీ ఇచ్చింది. ఆ కాఫీ కూడా తాగలేదు, తెచ్చి నాకిచ్చాడు. చెప్పు విడిచి చూపించాడు. పాదం బన్నులా ఉబ్బి ఉంది.

"దిగినాంక తగ్గుతాదిలే" అన్నాడు.

తగ్గలేదు. కాలి నరంలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోయిందట. మంచి సీటులో కూర్చొని ఉంటే బతికేవాడా అని డాక్టరును అడిగాను. అది చెప్పలేను పెద్దాయనా అన్నాడు.

నేను కూడా చెప్పలేను. కోపం మాత్రం వస్తోంది.

ఇంకొకటి. నిన్న మట్టి వేసి దస్తగిరి ఇంటికి రాగానే మనలో ఒకడు నా చెయ్యి పట్టుకుని పక్కకు పిలిచాడు.

"మామా, మేస్త్రి ఫోన్ పాస్‌వర్డ్ నీకు తెల్సంట కదా. కంపెనీకి తెలిసేలోపల ఆ మైళ్లు వాడుకుంటే సరి. కాళ్లు సాపుకొని పండుకునే సీటు గూడా వద్దని కూడబెట్టినవి, ఊరికే పోతాయి."

పేరు రాయను. చేతుల మట్టి కూడా కడుక్కోలేదురా నువ్వు. పొద్దున ఇదే గ్రూపులో దండం బొమ్మలు పెట్టినవాడివి.

పాస్‌వర్డ్ నాకు తెలుసు. చెప్పను. ఈరమ్మ ఏమంటే అదే. ఆమెను ఎవరైనా అడిగితే నాకు తెలిసిపోతుంది, జాగ్రత్త.

వాడి మాటలు గుమ్మంలో ఉన్న ఈరమ్మ చెవిన పడ్డాయి. వాడు పోయాక నన్ను అడిగింది.

"అన్నా, కాళ్లు సాపుకొని పండుకునే సీటు ఉంటాదంట, నిజమేనా? ఇమానంలో అట్లాటివి యాడుంటాయే అని నాతో చెప్తాండె ఈయప్ప. ఉంటే ఏంటికి కూకోలేదు?"

బస్సుకు టైమైందన్నాను. తల దించుకొని బస్సెక్కాను.

దస్తగిరీ, నీ మీద కోపం ఇప్పట్లో పోదప్పా. నువ్వు మాత్రం హాయిగా కాళ్లు చాపుకొని పడుకో. నిన్ను ఇంక ఎవరూ లేపకూడదు. నీకు శాంతి కలగాలి.

గ్రూపులో వాళ్లకు ఒక్క మాట. దండం బొమ్మలు చాలు. ఆ టికెట్లతో తిరిగి వచ్చిన వాళ్లు ఈరమ్మకు ఏం చెప్పమంటారో రాయండి. తొందరగా రాయండి. రేపు పొద్దున నేను మళ్లీ కోసిగి పోతున్నాను. ఆమె మళ్లీ అడుగుతుంది.