నీళ్ళ వార్తలు

మార్కాపురంలో మా లోకల్ ఛానెల్ అంటే ఒక్క గది. కింద క్యాసెట్ల దుకాణం, పైన మేము. పెళ్ళిళ్ళకు పోయే కెమెరానే వార్తలకు కూడా. వెనక గోడకు నీలం కర్టెన్. ఫ్యాన్ తిరిగితే మైకులో గరగరమంటుందని ఆపేసేవాళ్ళు. చెమటలు కారిపోతున్నా "నమస్కారం" అని నవ్వాల. ఆ నవ్వేది నేనే. వార్తలు చదివేదాన్ని.

మధ్యాహ్నం సినిమా, మధ్యమధ్యలో చీరల కొట్టు ప్రకటన, సాయంత్రం వార్తలు. దోర్నాల రోడ్డులో లారీ బోల్తా, కొనకనమిట్లలో వానల్లేవు, ఇవన్నీ ఎవరు విన్నారు గనక! ఊరంతా టీవీ ముందు కూర్చునేది చివరి ముక్క కోసం. రేపు ఏ వీధికి మున్సిపాలిటీ నీళ్ళు వస్తాయి? వస్తాయని నేను చదివినాక రాకపోతే, తెల్లారి బజార్లో నన్ను పట్టుకునేవాళ్ళు.

"ఏందమ్మా, అంత నవ్వుతా చెప్తివి, ఏవి నీళ్ళు?"

కొళాయి ఏదో నా కొంగున కట్టుకున్నట్టు! ఒళ్ళు మండేది నాకు.

మా నాయన పలకల ఫ్యాక్టరీలో పనిచేసినాడు. ఆడపిల్ల మొహం ఊరందరి ఇళ్ళల్లో కనపడటం ఆయనకు గిట్టలేదు. నేను చేరిన రోజు నుంచి నాతో మాటలు బంద్. ఏమన్నా ఉంటే అమ్మతో అనేవాడు, "దాన్ని తినమను" అని. వార్తల టైముకు లేచిపోయి, వాకిట్లో మెట్టు మీద వీధివైపు తిరిగి కూర్చునేవాడంట. అమ్మ చెప్పింది. పోతే పోనీలే అన్నా గానీ, లోపల కోసేది. ఊరు మొత్తం చూసి ఏం లాభం? ఆయన ఒక్కసారి చూస్తే చాలనుకునేదాన్ని.

తర్వాత ఇంటింటికీ డిష్షులు, చేతిచేతికీ సెల్‌ఫోన్లు వచ్చినాయి. జనం కేబుల్ తీసేయించుకున్నారు. ఓనరు పిలిచి, "ఇంక చాలమ్మా" అన్నాడు. కర్టెన్ కావాలంటే తీసుకుపొమ్మన్నాడు. ఛానెల్ చరిత్ర అంతే.

మూతపడిన వారంలోనే మా వీధి నీళ్ళ సంగతి ఫోన్ గ్రూపులో వచ్చింది. అమ్మ చూసి నాయనకు చెప్పింది కూడా. డ్రమ్ములు కడిగి కొళాయి కింద పెట్టేది ఎప్పుడూ ఆయనే. పొద్దున మేం లేచేసరికి నీళ్ళు వచ్చి పోయినాయి. డ్రమ్ములు గోడవారన బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. నాయన మెట్టు మీద కూర్చొని ఉన్నాడు.

అమ్మ అందుకుంది. "నీకేమన్నా మతి పోయిందా? ఫోన్లో వచ్చిందని చెప్తిని కదా! రెండు బిందెలన్నా పట్టకపోతివి!"

నాయన ఇటు తిరిగినాడు. అమ్మను కాదు, నన్ను చూసినాడు.

"ఫోన్లో ఎవరో ఏందో పంపితే నమ్మేదా? నువ్వు చెప్పలేదు కదమ్మా."