టేలెండ్ లేని కాలువ

ముందే ఒప్పుకుంటున్నాను, నేను చూసిన పిల్లి మీకు చెప్పేసరికి పులి అవుతుంది. మా ఇంట్లోవాళ్లు నా మాటల్లో సగం తీసేసి వింటారు. మీరూ అలాగే కానివ్వండి. పెళ్లికి ముందు, మొదటి జీతం తీసుకునే వయసులో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు. నిజామాబాద్‌లో ఒక విత్తనాల కంపెనీలో కొత్తగా చేరిన నాకైతే అసలే ఉండేది కాదు. ఆ కంపెనీ కొందరు రైతులకు హాలెండ్ పొలాలు చూపిద్దామని బయల్దేరి, ఇంగ్లీషు వచ్చు కదా అని నన్నూ వెంట తోలింది. రైతుల్లో మాక్లూర్ అనే ఊరి మామ ఒకడు. (మామ అని వరస కలిపింది నేనే. ఆయన కూతురు మా ఆఫీసులోనే పనిచేసేది. మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. ఆయన మాత్రం ఇంకా ఏ మాటా అనలేదు.)

ఆదివారం సెలవు దొరికితే మామను లైడెన్ అనే పాత పట్నానికి తీసుకెళ్లాను. స్టేషన్ దగ్గర ఒక పటం ఇచ్చారు. గైడు అక్కర్లేదు, అందులోని గీత వెంబడి నడిస్తే ఊరంతా చూసేయొచ్చు. "ఈ ఊరు నా అరచెయ్యి అనుకో మామా" అన్నాను. నాలుగడుగులు వేశామో లేదో, చెరుకు ఫ్యాక్టరీ చిమ్నీకి రెక్కలు మొలిచినట్టు ఒక గాలిమర! దాన్ని చూడ్డానికి తల ఎంత వెనక్కి వంచానంటే, వెనకాల వస్తున్నవాళ్లు తలకిందులుగా కనిపించారు. వీధి మధ్యలో కాలువ, కాలువలోంచి నేరుగా లేచిన ఇళ్లు, ఇళ్ల కింద నీళ్లలో ఇంకో ఊరు. మనుషులకంటే సైకిళ్లే ఎక్కువ. ఒక గోడ నిండా పెద్ద పెద్ద అక్షరాలతో పద్యం రాసి ఉంది. (మా దగ్గర అంత గోడ దొరికితే సిమెంటు కంపెనీ వదులుతుందా?) నేను నోరు తెరుచుకుని పైకి చూస్తుంటే మామ కిందికి, నీళ్లలోకి చూస్తున్నాడు.

కాలువ చిట్టచివర, టేలెండ్ అంటారే, అక్కడుంది మామ పొలం. పైవాళ్లంతా తడుపుకున్నాక మిగిలితేనే ఆయనకు నీళ్లు. ఎన్నడూ మిగిలేవి కావు. అందుకని ఏ కాలువ చూసినా ఆయనకు ఒకటే అనుమానం. తింటున్న నారింజ తొక్క నీళ్లలో వేసి చూశాడు. అది కదల్లేదు.

"పిల్లగా, పారుతలేవు. ఎవడో పైన తూము బందు వెట్టిండు."

"మెల్లగ పారుతున్నయ్ మామా."

"గట్లనా? అయితె టేలెండ్ సూపియ్యి. ఆఖరి మడికి నీళ్లెట్ల ఇస్తున్నరో సూస్త. నా బిడ్డ ముచ్చట గూడ ఆడనే మాట్లాడుకుందాం."

పటం మడిచి జేబులో పెట్టేశాను. కాలువ గట్టు పట్టుకుని నడిచాం. వంతెనలు దాటాం, తోటలు దాటాం, నా బూటు అడుగు అరిగి రోడ్డు చల్లదనం తెలిసేదాకా నడిచాం. చివరికి ఎదురుగా గాలిమర. "ఇంకోటి మామా!" అని అరిచాను.

మామ నీళ్లలోకి వేలు చూపించాడు. "గా తొక్క నాదే."

నా పెళ్లి ఆ తొక్క పక్కనే మునిగిపోయిందనుకున్నాను. పడవ ఇంటి మీద పూలకుండీలకు నీళ్లు పోస్తున్న ఒక పెద్దామె కనిపిస్తే టేలెండ్ ఎక్కడని అడిగాను. ఆమె నవ్వింది. ఈ కాలువ ఊరి చుట్టూ తిరుగుతుందట, దానికి మొదలూ లేదు, చివరా లేదు. ఊరవతల పొలాలు ఈ నీళ్లకంటే పల్లంలో ఉంటాయట, అక్కడి నీళ్లను పైకి తోడి బయటికి పంపుతారట. వెనకటికి శత్రువులు ఊరిని చుట్టుముట్టినప్పుడు, తమవాళ్లే కట్టలు తెంచి పొలాలను ముంచేస్తే, తిండి నింపుకున్న పడవలు ఆ పొలాల మీదుగానే వచ్చాయట.

"పొలంలకెల్లి నీళ్లు బయటికి తోడుతరా?" మామ మళ్లీ మళ్లీ అడిగించాడు. "మేం రమ్మంటె రావు, వీళ్లు పొమ్మంటె పోవు. నీళ్లకు ఎంత పొగరు రా!"

ఊరి నడుమ గుట్ట మీద గుండ్రటి పాత కోట ఉంది. ఎక్కాం. ఎర్రటి పెంకుల కప్పులు, చర్చి శిఖరాలు, వాటి నడుమ మెరుస్తున్న నీళ్లు. మామ చాలాసేపు చూసి అన్నాడు: "నీకు తోవ తెల్వదు పిల్లగా. గని తప్పినంక, యాడ షురువైనమో ఆడికే తెచ్చినవ్. నా బిడ్డకు గంత చాలు."

ఇక నేను కల్పించిందేమిటో చెప్పేస్తాను. గాలిమర నిజం, తొక్క నిజం, పెద్దామె నిజం. కోట మీద మామ అన్న మాటలే నావి. ఆయన అక్కడ ఏమీ అనలేదు. దిగేటప్పుడు మెట్ల మీద తూలబోయి నా భుజం పట్టుకున్నాడు. మెట్లు అయిపోయాయి, వీధి వచ్చింది, స్టేషన్ కూడా వచ్చింది. చెయ్యి మాత్రం తీయలేదు. ఉన్నదున్నట్టు చెబితే మీకు ఆనదేమోనని మాటలు తగిలించాను. ఇన్నేళ్లకు ఇదంతా రాసి, తిరిగి చదువుకుంటే, అవే ఎక్కువైనట్టున్నాయి.