రాజుగారి స్నానం

మా వదినకు ఒకే ఒక్క జబ్బు. ఎంత గొప్ప భవనం చూపించినా గోపురం చూడదు, స్తంభాలు చూడదు. "ఇంత పైకి నీళ్ళెవరు మోశారు?" అని అడుగుతుంది. అడిగి ఊరుకుంటే జబ్బెందుకవుతుంది? జవాబు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలదు.

పెళ్ళయిన కొత్తలో అన్నయ్య ఆమెను ఓ రాజభవనం చూపించడానికి తీసుకెళ్ళాడు. గైడు పాలరాతి గొప్పతనం గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే వదిన చెయ్యెత్తి తన ప్రశ్న వేసింది. గైడు తడబడి, "రాణిగారికి నీళ్ళంటే పెద్దగా ఇష్టం లేదండీ" అన్నాడట. మిగతా భవనమంతా అన్నయ్య ఒక్కడే చూశాడు. వదిన వెనకవైపు వెళ్ళి బావి వెతుక్కుంది.

సినిమాకు వెళ్ళినా అంతే. తెర మీద హీరో, హీరోయిన్ కోటలో చిమ్మే ఫౌంటెన్ల మధ్య పాడుకుంటున్నారు. "ఆ తొట్టి ఎవరు నింపారో" అంది వదిన, హాలంతా వినబడేలా. ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి వెనక్కి తిరిగాడు.

"హీరోయినే నింపిందమ్మా. ఇక పాట విననివ్వండి."

"పాపం, ఆ చీరతోనా?" అంది వదిన.

అద్దె ఇల్లు వెతికేటప్పుడు ఒక ఇంటాయన బాల్కనీలోంచి కనిపించే సూర్యాస్తమయాన్ని తానే తయారు చేసినట్టు చూపించాడు. వదిన మోటారు గురించి అడిగింది. తర్వాత కరెంటు పోతే ఎవరు మోస్తారని అడిగింది. పనమ్మాయి ఉందన్నాడు. ఆ అమ్మాయికి మోకాళ్ళెలా ఉన్నాయని అడిగింది. ఇల్లు మాకు దక్కలేదు.

నేనూ వదినా ఒకే బడిలో పనిచేస్తాం. ఆమె చరిత్ర చెబుతుంది, నేను లెక్కలు. ఆ ఏడాది మాకు కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. వస్తూనే క్రమశిక్షణ అన్నాడు. గంట కొట్టగానే గేటుకు తాళం, ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఆ పూటకు బయటే. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు.

గుట్ట మీది కాలనీ నుంచి వచ్చే ఎనిమిదో తరగతి అమ్మాయిలు ముగ్గురు ప్రతిరోజూ గేటు బయటే ఉండిపోసాగారు. ఆ కాలనీకి ఉన్న ఒక్క కుళాయి గుట్ట కింద ఉంది. అందులో నీళ్ళు సరిగ్గా బడి వేళకే వస్తాయి. అమ్మానాన్నలు అప్పటికే పనుల్లోకి వెళ్ళిపోయి ఉంటారు. పిల్లలు ఇంట్లోకి నీళ్ళు చేర్చి, పరిగెత్తుకుంటూ వచ్చి, తాళాన్ని చూస్తూ గోడ పక్కన కూర్చుంటారు. ఇలాగే సాగితే ముగ్గురి చదువూ ఆ ఏడాదితో సరి.

స్టాఫ్ మీటింగులో నేను గట్టిగానే వాదించాను. "ఒకరికి సడలిస్తే అందరూ నీళ్ళ పేరే చెబుతారు మాస్టారూ" అని హెడ్మాస్టరు కొట్టిపారేశాడు. వదిన నోరు విప్పుతుందని ఎదురుచూశాను. విప్పింది. "సార్, విద్యాశాఖ అధికారి గారు తనిఖీకి వచ్చేటప్పటికి మా తరగతి చేత గుట్ట మీది పాత కోట నమూనా చేయిస్తాను. చేత్తో తిప్పి ఆడించేది" అంది.

హెడ్మాస్టరు ముఖం వెలిగిపోయింది. "లైట్లు కూడా వెలగాలి మేడమ్."

"వెలుగుతాయి సార్, నీళ్ళు పైకెక్కితే."

బయటికి రాగానే మండిపడ్డాను. "అక్కడ పిల్లల చదువు పోతుంటే నీకు అట్టముక్కలు అతికించే సరదా ఏంటి వదినా?"

"నీకు జిగురుతో అతికించడం వచ్చా?"

"రాదు."

"అయితే అడ్డం తప్పుకోవయ్యా."

పాఠ్యపుస్తకంలో ఆ కోట గురించి, 'మూడో అంతస్తులో రాజుగారు ఒక స్నానాల కొలను నిర్మించారు' అని ఉంది. రాజుగారు స్వయంగా తాపీ పట్టినట్టు. వదిన ఆ ఒక్క వాక్యం పట్టుకుంది. సాయంత్రాలు మా ఇంట్లో ప్లైవుడ్డుతో కోట లేవసాగింది. పనిలో ముందున్నది గేటు బయట కూర్చునే ఆ ముగ్గురే. కోట అడుగున బావి, పక్కన ఒక పిడి. పిడి తిప్పితే గొలుసుకు కట్టిన చిన్న చిన్న రేకు బకెట్లు నీళ్ళను మూడో అంతస్తుకు చేరుస్తాయి. కొలను నిండితే కోటంతా దీపాలు. అయితే కొలనుకు అడుగున సన్నటి రంధ్రం ఉంది. తిప్పడం ఆపితే నీళ్ళు కారిపోతాయి, దీపాలు ఆరిపోతాయి.

సైకిలు షాపు నడిపే అన్నయ్య గొలుసు, పళ్ళచక్రాలు అమర్చాడు. వేలితో తిరిగేంత నున్నగా అమర్చి, మెచ్చుకోలు కోసం నిలబడ్డాడు. ముగ్గురిలో చిన్నమ్మాయి తిప్పి చూసింది. "ఇంత తేలిగ్గా ఉండదు టీచర్" అంది.

"విన్నారా?" అంది వదిన భర్తతో. "బిగించండి."

అన్నయ్య ఏడుపు ముఖంతో బిగించాడు. మర్నాటికి మనసాగక కాస్త నూనె వేశాడు. వదిన పట్టేసింది.

"నూనె ఎవరు పోశారు?"

"కిర్రుమంటోందే."

"కిర్రుమనాలి."

"మిషనన్నాక..."

"అది మిషన్ కాదు, మనిషి. తుడవండి."

తనిఖీ రోజు వచ్చింది. అధికారి గారు హాల్లో కూర్చున్నారు. గంట కొట్టగానే హెడ్మాస్టరు స్వాగతోపన్యాసం. ఆలోగా దీపాలు వెలిగించి ఉంచుదామని ఆయన కోట ఉంచిన మా గదిలోకి వచ్చి, కోటు సర్దుకుని పిడి పట్టుకున్నాడు.

తిప్పాడు, ఇంకా తిప్పాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించి మళ్ళీ తిప్పాడు.

"ఇంకెంతసేపు మేడమ్?"

"రాజుగారి స్నానం ఇంకా కాలేదు సార్."

ఎట్టకేలకు దీపాలు వెలిగాయి. ఆయన నుదురు తుడుచుకోవడానికి చెయ్యి తీశాడు. దీపాలు ఆరిపోయాయి. ఆయనలో పంతం లేచింది. రెండు చేతులా పట్టుకున్నాడు. గంట మోగింది. ఆయనకు వినబడలేదు, వినబడినా వదలలేదు.

వదిన గడప దగ్గరికి వెళ్ళి తలుపు మీద చెయ్యి వేసింది. "గంటయింది సార్. హాల్లో అధికారి గారున్నారు, మీరింకా నీళ్ళ దగ్గరే ఉన్నారు. హాలు తలుపు మూయించెయ్యమంటారా?"

పిడి ఆగింది. హెడ్మాస్టరు ఎర్రబడ్డ అరచేతులు చూసుకున్నాడు. తర్వాత కిటికీలోంచి గేటు వైపు చూశాడు. ఆ ముగ్గురమ్మాయిలూ అప్పుడే వచ్చి గోడ పక్కన కూర్చుంటున్నారు.

"ఈ మాటేదో నోటితో చెప్పొచ్చుగా మేడమ్."

"మా మరిది చెప్పాడుగా సార్. చెవికెక్కలేదు. అందుకే చేతికిచ్చాను."

ఆయన కోటు వేసుకోవడం కూడా మరిచి గేటు దగ్గరికి నడిచాడు, తాళం తనే తీశాడు. ఆ రోజు స్వాగతోపన్యాసం ఆలస్యమైంది. పోయిన హాజరంతా ఆ పిల్లలకు తిరిగి వేయించాడు. గేటు నియమాన్ని గుట్ట కాలనీ పిల్లలకు వర్తించనివ్వలేదు. రాజులు పోయినా మోత పోలేదన్న సంగతి ఆయన అరచేతులకు తెలిసిపోయింది.

ఆ సాయంత్రం అన్నయ్య నాతో మెల్లిగా అన్నాడు. "మీ వదిన ఒక ఆదివారం ఉదయం ఆ పిల్లలతోపాటు గుట్ట మీదికి బిందె మోసుకెళ్ళిందిరా. చెయ్యి లాగడం తగ్గకముందే ఇంటికొచ్చి, ఆ లెక్కన పిడి బిగించమంది. నేనేమో నూనె పోశాను."

నేనింతకాలం ఆమెను రాజుల మీద కోపమున్న మనిషనుకున్నాను. ఆమెకు రాజులు గుర్తే లేరు.

సరిగ్గా వారం తర్వాత నీటి సరఫరా ఆఫీసు ముందు ఆటో ఆగింది. ఇంజనీరు గది రెండో అంతస్తులో, లిఫ్టు పనిచెయ్యదు. కోటకు ఒక పక్క వదిన, ఇంకో పక్క హెడ్మాస్టరు పట్టుకున్నారు. వెనక, కుళాయి గుట్ట మీదికి వెయ్యమన్న కాలనీ అర్జీతో నేను. మొదటి అంతస్తు మలుపులో హెడ్మాస్టరు రొప్పుతూ ఆగాడు. ఆయన చొక్కా తడిసిపోయి ఉంది.

"బావిలో నీళ్ళు పారబోసి తేవాల్సింది మేడమ్."

"అలా తెస్తే ఇంజనీరు గారు ఏం తిప్పుతారు సార్?" అంది వదిన. "ఎత్తండి."

ఆయన ఎత్తాడు.